సొసైటీకి ఉన్న చట్టం పార్టీకి ఎందుకు లేదు?

మీ ఊరి సహకార పరపతి సంఘం బైలా పుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? కార్యదర్శి బీరువాలో ఎక్కడో అడుగున ఉంటుంది. అడిగి తీసుకుని చదవండి. పాలకవర్గంలో ఎంతమంది ఉండాలి, ఎన్నేళ్లకోసారి ఎన్నిక జరగాలి, సర్వసభ్య సమావేశానికి కోరం ఎంత, మినిట్స్ పుస్తకంలో ఎవరు సంతకం పెట్టాలి, లెక్కలు ఎవరు ఆడిట్ చేయాలి, అన్నీ రాసి ఉంటాయి. బాకీ పడ్డ రైతు పాలకవర్గానికి పోటీ చేయడానికి పనికిరాడని కూడా ఉంటుంది. ఒక ఊరికో నాలుగు ఊళ్లకో పరిమితమైన సంఘం మీద 1964 నాటి సహకార సంఘాల చట్టం ఇన్ని కట్టుబాట్లు పెట్టింది.

కాలువ మీద నీటి వినియోగదారుల సంఘానికీ అంతే. 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి, ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిపారు. కార్మిక సంఘాల విషయానికొస్తే, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ కార్యవర్గం గడువు మూడేళ్లు మించకూడదని చెప్పింది. (ఆ చట్టాన్ని ఇప్పుడు లేబర్ కోడ్‌లో కలిపేశారు. దాని సంగతి వేరే రాశాం.)

ఇవి తప్పని మేం అనడం లేదు. పదిమంది డబ్బు, పదిమంది హక్కు ఒకచోట చేరినప్పుడు కమిటీ ఉండాలి. దాన్ని ఎన్నుకోవాలి. అది లెక్క చెప్పాలి. మా ప్రశ్న ఒక్కటే. ఆ సొసైటీకి ఎరువు ఎప్పుడొస్తుంది, వడ్లకు మద్దతు ధర ఎంత, కొనుగోలు కేంద్రం ఉంటుందా ఎత్తేస్తారా, ఇవన్నీ తేల్చేది రాజకీయ పార్టీలు. మరి ఆ పార్టీలు తమను తాము ఎలా నడుపుకోవాలో చెప్పే చట్టం ఏది?

సొసైటీల ఎన్నికలు మాత్రం సక్రమంగా జరుగుతున్నాయా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో జరిగినవే చివరి ఎన్నికలు. ఆ తర్వాత గడువు పొడిగింపులు, పర్సన్ ఇన్‌చార్జీలు, నామినేటెడ్ త్రిసభ్య కమిటీలు. ప్రభుత్వం మారితే కమిటీలో మనుషులు మారతారు, పద్ధతి మారదు. ఆ ముగ్గురి పేర్లు ఎక్కడ ఖరారవుతాయో ఊళ్లో పశువుల కాపరికి కూడా తెలుసు. చట్టం ఎన్నిక జరపమంటుంది, అధికార పార్టీ జాబితా పంపుతుంది. తన ఇంట్లో ఎన్నిక అలవాటు లేని పార్టీ మన ఇంట్లో ఎన్నిక పెడుతుందని ఎలా అనుకుంటాం? అందుకే ఇది మనకు సంబంధం లేని రాజకీయాల గొడవ కాదంటున్నాం.

చట్టం ఏం చెబుతోంది?

రాజకీయ పార్టీల రిజిస్ట్రేషన్ గురించి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఒకే ఒక్క సెక్షన్ ఉంది. 29ఎ. అది కూడా 1989లో వచ్చి చేరింది. పార్టీ పేరు, కార్యాలయం చిరునామా, ఆఫీసు బేరర్ల పేర్లు, సభ్యుల సంఖ్య, స్థానిక శాఖలు ఉన్నాయా లేదా అన్న వివరాలతో ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేసుకోవాలి. రాజ్యాంగానికి, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కట్టుబడి ఉంటామని పార్టీ నియమావళిలో రాయాలి. అంతే. పార్టీ లోపల కమిటీలు ఎలా ఏర్పడాలి, ఎవరు ఎన్నుకోవాలి, నిర్ణయం ఎక్కడ జరగాలి అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

ఆ లోటును ఎన్నికల సంఘం తన మార్గదర్శకాలతో కొంత పూడ్చింది. కనీసం వందమంది సభ్యులుండాలని, సంస్థాగత ఎన్నికలు ఐదేళ్లకు మించకుండా జరుపుతామని నియమావళిలో ఉండాలని అడుగుతుంది. పార్టీలన్నీ రాసిస్తాయి. రాసిచ్చి జరపకపోతే? అక్కడే కథ ఆగిపోతుంది. ఒకసారి ఇచ్చిన రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి చట్టం ఇవ్వలేదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మోసంతో రిజిస్ట్రేషన్ పొందడం, రాజ్యాంగానికి కట్టుబడబోమని ప్రకటించడం వంటి రెండు మూడు సందర్భాలే మినహాయింపు. అంటే మాట తప్పిన పార్టీకి ఒక నోటీసు వస్తుంది, తర్వాత ఇంకో నోటీసు వస్తుంది.

2025 ఆగస్టులో 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474 పార్టీలను ఎన్నికల సంఘం జాబితా నుంచి తొలగించింది కదా అని కొందరు మిత్రులు అన్నారు. నిజమే. కానీ ఎందుకు తొలగించింది? ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదని. లోపల ఎన్నికలు జరుపుకోలేదని తొలగించిన పార్టీ ఆ జాబితాలో వెతికినా దొరకదు.

మన రాష్ట్రంలోనే ఒక ఉదంతం ఉంది. 2022 జులైలో గుంటూరు దగ్గర జరిగిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీలో జగన్‌మోహన్ రెడ్డిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకున్నారన్న వార్తలు వచ్చాయి. శాశ్వత పదవి అనేదే ప్రజాస్వామ్యానికి విరుద్ధమని, అటువంటిది చెల్లదని సెప్టెంబరులో ఎన్నికల సంఘం గట్టిగానే ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. అయితే జీవితకాలం అని నోటితో అన్న పార్టీకి ఉత్తర్వు వస్తుంది, ఆ మాట అనకుండా ఏళ్ల తరబడి ఒకే మనిషిని ఏకగ్రీవంగా ఎన్నుకునే పార్టీకి శుభాకాంక్షలు వస్తాయి. తెలుగుదేశం మహానాడులో రెండేళ్లకోసారి అధ్యక్షుడి ఎన్నిక పెడతారు. 2025 మేలో కడపలోనూ పెట్టారు, ఫలితం ముందే అందరికీ తెలుసు. 2021 అక్టోబరులో హైదరాబాద్ ప్లీనరీలో టీఆర్‌ఎస్ అధ్యక్షుడి ఎన్నికా అలాగే జరిగింది. బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా నడ్డా 2020 జనవరిలో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. మూడేళ్ల గడువు 2023 జనవరిలో ముగిసినా ఆ తర్వాత ఏళ్లు పొడిగింపుల మీదే గడిచాయి. కాంగ్రెస్‌లో 2022 అక్టోబరులో అధ్యక్ష పదవికి నిజంగానే పోటీ జరిగింది. ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. నాలుగు నెలలకే రాయ్‌పూర్‌లో వర్కింగ్ కమిటీకి మాత్రం ఎన్నిక వద్దనుకుని, నామినేట్ చేసే అధికారం అధ్యక్షుడికే ఇచ్చారు. ఏ జెండా అయినా సరే, కమిటీ దగ్గరికొచ్చేసరికి చేతులు వణుకుతాయి.

తిరుపతిలో జరిగింది

ఈ విషయంలో 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన కాంగ్రెస్ ప్లీనరీని గుర్తు చేసుకోవాలి. పీవీ నరసింహారావు అప్పుడు ప్రధాని, పార్టీ అధ్యక్షుడు కూడా. చాలా ఏళ్ల తర్వాత వర్కింగ్ కమిటీకి ఎన్నిక పెట్టారు. పోటీ జరిగింది, ఓట్లు పడ్డాయి, అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటివారు గెలిచారు. గెలిచినవారిలో దళితులు లేరు, మహిళలు లేరు. ఇది పార్టీకి మంచిది కాదని చెప్పి ఎన్నికైనవారితో రాజీనామాలు ఇప్పించారు. తర్వాత అర్జున్ సింగ్, పవార్‌లను నామినేటెడ్ సభ్యులుగా మళ్లీ తీసుకున్నారు. ఓటుతో వచ్చినవాడు అధ్యక్షుడి దయతో వచ్చినవాడయ్యాడు.

ఇందులో రెండు సంగతులున్నాయి. రెండూ నిజమే. దళితులు, మహిళలు ఒక్కరూ గెలవని ఎన్నిక లోపమున్న ఎన్నికే. ఆ లోపాన్ని సాకుగా చేసుకుని ఎన్నికనే ఎత్తేయడం అంతకంటే పెద్ద తప్పు. ఎన్నిక పెడుతూనే ఆ వర్గాలకు కమిటీలో స్థానాలు కేటాయిస్తే సరిపోయేది. పంచాయతీలో వార్డు మెంబరు స్థానాలకు మనం రిజర్వేషన్ పెట్టుకోలేదా? ఊరి పంచాయతీకి సాధ్యమైనది జాతీయ పార్టీకి ఎందుకు అసాధ్యమైందో మాకు అర్థం కాదు.

విప్ ఎవరి చేతిలో?

పార్టీల లోపలి వ్యవహారం వాళ్ల సొంత విషయం, మనకెందుకు అనేవాళ్లున్నారు. చట్టం పార్టీలకు ఏమీ ఇవ్వకుండా ఉంటే ఆ మాట ఒప్పుకుందుము. కానీ చాలా ఇచ్చింది.

1968 ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం గుర్తు కావాలంటే పార్టీ అధ్యక్షుడో, ఆయన అధికారమిచ్చిన మనిషో సంతకం చేసిన కాగితం ఉండాలి. మన భాషలో బీ ఫారం. నామినేషన్ల ఆఖరి రోజు బీ ఫారం కోసం కార్లలో తిరిగే మనుషులను మీరు చూసే ఉంటారు. ఆ కాగితం మీద నియోజకవర్గ కమిటీ తీర్మానం నంబరు ఉండదు, సంతకం ఒక్కటే ఉంటుంది.

1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చారు. ఫిరాయింపులు ఆపడానికి అది అవసరమైంది, కాదనలేం. దాని ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా సభలో ఓటు వేసిన ఎమ్మెల్యే, ఎంపీ సభ్యత్వం పోగొట్టుకుంటారు. విప్‌ను నియమించాల్సింది శాసనసభా పక్షం కాదు, రాజకీయ పార్టీయే అని 2023 మేలో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాగుంది. అయితే పార్టీ అంటే ఎవరు? చట్టప్రకారం ఎన్నికైన కమిటీ లేనిచోట పార్టీ అంటే అధ్యక్షుడు, ఆయన ఇంట్లో కూర్చున్న నలుగురు.

మనం ఓటేసి పంపిన ఎంపీ చేతిని చట్టమే పార్టీకి అప్పగించింది. ఆ పార్టీ ఎవరికి జవాబు చెప్పాలో మాత్రం చెప్పలేదు.

దీని దెబ్బ మనకు ఎక్కడ తగిలిందో 2020లో చూశాం. జూన్ 5న మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు వచ్చాయి. సెప్టెంబరులో బిల్లులుగా పార్లమెంటు ముందుకొచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్ సభలో వాటికి మద్దతు పలికింది. మూడు నెలలు తిరక్కుండా డిసెంబరు 8న అవే చట్టాలకు వ్యతిరేకంగా భారత్ బంద్ జరిగితే, ఆ పార్టీ ప్రభుత్వమే బంద్‌కు సంఘీభావం చెప్పి మధ్యాహ్నం దాకా ఆఫీసులు మూసేసింది. తెలంగాణలో టీఆర్‌ఎస్ పార్లమెంటులో బిల్లులను వ్యతిరేకించింది, బంద్ నాడు మంత్రులు రోడ్డెక్కారు. ఆ నెలాఖరులోనే, 27వ తేదీ సమీక్షలో, ఇకపై ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు అవసరం లేదన్న నిర్ణయం వెలువడింది. బిల్లులకు మద్దతివ్వాలని ఎవరు తీర్మానించారు? బంద్‌కు సంఘీభావం చెప్పాలని ఎవరు తీర్మానించారు? కొనుగోలు కేంద్రాలు వద్దని ఏ కమిటీలో ఏ రైతు ప్రతినిధి చెయ్యెత్తాడు? ఈ పార్టీలన్నింటికీ కిసాన్ విభాగాలున్నాయి, లెటర్‌హెడ్లున్నాయి, ఫ్లెక్సీల మీద ఫొటోలున్నాయి. ఆ విభాగాల్లో చర్చ జరిగిందని చూపే ఒక్క తీర్మానం కాగితం ఎవరైనా తెచ్చిస్తే ఈ పత్రికలో అచ్చు వేస్తాం.

పార్టీ చీలినప్పుడు ఎవరి సొత్తు?

లోపల సరైన కమిటీలు లేకపోతే ఏమవుతుందో చీలికల రోజున బయటపడుతుంది. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు వచ్చిన సాదిక్ అలీ కేసులో, సంస్థలోనూ చట్టసభల్లోనూ ఎవరికి మెజారిటీ ఉందో చూసి గుర్తు ఇచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు సమర్థించింది. సంస్థలో మెజారిటీ చూడాలంటే సంస్థలో ఎన్నికైన కమిటీలుండాలి కదా. శివసేన విషయంలో 2023 ఫిబ్రవరి 17న ఎన్నికల సంఘం ఇచ్చిన ఉత్తర్వు చదవండి. ఆ పార్టీ 2018 నియమావళి ప్రజాస్వామికంగా లేదని, నియామకాల మీద నడిచే కమిటీలను లెక్కలోకి తీసుకోలేమని చెప్పి, చట్టసభల బలాన్ని బట్టి పేరు, విల్లు బాణం గుర్తు షిండే పక్షానికి ఇచ్చింది. నలభై యాభై ఏళ్లుగా శాఖల్లో జెండా మోసిన మామూలు కార్యకర్త ఎటువైపు ఉన్నాడన్నది తూకానికే రాలేదు.

మన దగ్గర 1995 ఆగస్టు సంక్షోభం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీఆర్‌ను ఆ పార్టీ ఎమ్మెల్యేలే దించారు. పార్టీ పేరు, సైకిల్ గుర్తు చివరికి చంద్రబాబు పక్షానికే మిగిలాయి. ఎవరిది న్యాయం అన్న వాదన జోలికి ఇప్పుడు మేం వెళ్లం. అప్పుడు తేల్చింది హోటల్లో ఉన్న ఎమ్మెల్యేల లెక్క. గ్రామ కమిటీల్లో, మండల కమిటీల్లో ఉన్న లక్షలాది సభ్యులను ఎవరూ అడగలేదు. అడగడానికి వ్యవస్థ కూడా లేదు. ఒక మనిషి చుట్టూ కట్టిన పార్టీ ఆ మనిషికే దక్కకుండా పోవడం విచిత్రమే.

పార్టీలకు చట్టం కావాలన్న మాట కొత్తది కాదు. 1999 మేలో లా కమిషన్ తన 170వ నివేదికలో, లోపల నియంతృత్వం నడిపే పార్టీ బయట ప్రజాస్వామ్యం నడపలేదనే అర్థంలో చెప్పి, పార్టీల నిర్మాణం మీద ప్రజాప్రాతినిధ్య చట్టంలో ప్రత్యేక భాగమే చేర్చాలని సిఫార్సు చేసింది. ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి. 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ అదే దారిలో చెప్పింది. 2015 మార్చిలో 255వ నివేదిక మళ్లీ చెప్పింది. నివేదికలు బీరువాల్లో ఉన్నాయి, మన సొసైటీ బైలా పుస్తకంలాగే. 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని ఆదేశిస్తే, ఒకదాన్నొకటి తిట్టుకునే పార్టీలన్నీ ఆ ఆదేశాన్ని పక్కన పెట్టడంలో మాత్రం ఒక్కటయ్యాయి.

జర్మనీలో, నేపాల్‌లో

బయట ఎక్కడైనా ఇలాంటి చట్టం ఉందా అంటే ఉంది. హిట్లర్ పార్టీని చూసిన జర్మనీ, 1949 రాజ్యాంగంలోనే 21వ అధికరణంగా పార్టీల లోపలి నిర్మాణం ప్రజాస్వామికంగా ఉండాలని రాసుకుంది. 1967లో పార్టీల చట్టం చేసింది. కనీసం రెండేళ్లకోసారి మహాసభ జరగాలి. కార్యవర్గాన్ని కనీసం రెండేళ్లకోసారి ఎన్నుకోవాలి, అందులో ముగ్గురికి తక్కువ ఉండకూడదు. పదవిరీత్యా వచ్చే సభ్యులు కార్యవర్గంలో ఐదోవంతు మించకూడదు. కార్యవర్గాల ఎన్నికా, చట్టసభలకు అభ్యర్థుల ఎంపికా రహస్య ఓటుతో జరగాలి. సభ్యుణ్ని బహిష్కరించాలంటే నాయకుడి కోపం చాలదు, పార్టీలోనే ఏర్పాటైన మధ్యవర్తిత్వ న్యాయమండలి ముందు నిరూపించాలి. అక్కడి రైతు సంఘం మనిషి ఒక పార్టీలో చేరితే ఆయన చేతిలో ఓటు ఉంటుంది. ఇక్కడ మనలో ఎంతమంది పార్టీ సభ్యత్వాలు తీసుకున్నాం! ప్రమాద బీమా కార్డు వస్తుందన్నారు, తీసుకున్నాం. ఆ సభ్యత్వంతో ఎప్పుడైనా దేనికైనా ఓటు వేశామా?

నేపాల్ ఇంకా దగ్గర. 2015 రాజ్యాంగంలోని 269వ అధికరణం ప్రకారం ఏ పార్టీ అయినా జాతీయ, ప్రాంతీయ స్థాయి పదాధికారులను ఐదేళ్లకోసారైనా ఎన్నుకోవాలి. కార్యవర్గాల్లో దేశంలోని భిన్న వర్గాలకు చోటుండాలి. తిరుపతిలో సాకుగా మిగిలిపోయినదాన్ని వాళ్లు నిబంధనగా రాసుకున్నారు. అంతమాత్రాన అక్కడ అంతా బాగైపోయిందని మేం చెప్పం. మహాసభలు జరిగినా పెద్ద పార్టీల పైన దశాబ్దాల పాటు అవే రెండు మూడు ముఖాలు కనిపించాయి. చట్టం ఉంటే అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అడిగేవాళ్లు లోపల ఉండాలి.

ఈ విషయం జిల్లా కమిటీలో చర్చకు పెట్టినప్పుడు మన సంఘంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక పెద్దాయన అడ్డం తిరిగారు. "ఇవాళ పార్టీల మీద చట్టం తెండి అంటారు, రేపు అదే తాళ్లతో రైతు సంఘాలను కడతారు. రిజిస్ట్రారు చేతికి కర్ర ఇస్తే ముందు ఎవరి వీపు మీద పడుతుందో తెలియదా?" అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. సహకార సంఘాల పాలకవర్గాలను రద్దు చేసే అధికారం ఎలా వాడుకున్నారో చూశాం. 2012లో అమల్లోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ పాలకవర్గానికి ఐదేళ్ల గడువు, మహిళలకు రెండు స్థానాలు, ఎస్సీ ఎస్టీలకు ఒక స్థానం అని మంచి మాటలే రాసింది. రాష్ట్రాల అధికారంలోకి కేంద్రం చొరబడిందని 2021లో సుప్రీంకోర్టు రాష్ట్ర సంఘాల వరకు ఆ భాగాన్ని కొట్టేసింది. మంచి నిబంధన తప్పుడు చేతుల్లోంచి రాకూడదన్నది అందులోనూ ఉంది.

అందుకే మేం కోరే చట్టానికి హద్దులు గీయాలి. పార్టీ ఏం నమ్మాలి, ఏం ప్రచారం చేయాలి అన్నదాంట్లోకి అది వేలు పెట్టకూడదు. కమిటీ ఎన్నికైందా, నిర్ణీత గడువులోపే ఎన్నికైందా, ఓటు రహస్యమా, సభ్యుల జాబితా ఉందా, అభ్యర్థిని నియోజకవర్గ సభ్యులు ఎంచుకున్నారా, తీర్మానం పుస్తకంలో ఉందా అన్నంతవరకే చూడాలి. తప్పితే పార్టీని రద్దు చేయకూడదు. ప్రజలిచ్చే సౌకర్యాలు ఆపాలి. ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత సమయం ఉంది, ఇలాంటివి. ఆపే నిర్ణయం ప్రభుత్వానిదో, ప్రభుత్వం నియమించిన అధికారిదో కాకుండా కోర్టుదై ఉండాలి. ఫిర్యాదు చేసే హక్కు మాత్రం సాదా సభ్యుడికి, రెండువందల రూపాయల రసీదు ఉన్న ప్రతి ఒక్కరికీ ఉండాలి. పెద్దాయన ఇదంతా విన్నాక కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాశాం.

ముందు మన పుస్తకాలు

పార్టీలను అడిగేముందు మన సంఘాన్ని అడగాలి. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో పంజాబ్ సంఘాలు ముప్పైకి పైగా కలిసి కూర్చున్నాయి. వాటిలో ఒకదానికొకటి పడనివి ఎన్నో ఉన్నాయి. ఒక మనిషిని నాయకుడిగా నిలబెట్టకుండా, సమావేశంలో తేల్చిందే బయట చెప్పాలన్న పద్ధతి పెట్టుకుని ఏడాదికి పైగా నిలిచాయి. చట్టాలు రద్దయ్యాక 2021 డిసెంబరులో ప్రభుత్వంతో మాట్లాడడానికి ఐదుగురి కమిటీని కూడా సమావేశంలోనే ఎంచుకున్నాయి. ఏ చట్టమూ వాళ్లను బలవంతం చేయలేదు. ప్రభుత్వం వాళ్లలో ఒకరిని పట్టుకుని లోబరుచుకోలేకపోవడానికి ఆ పద్ధతే పెద్ద కారణమని మా అభిప్రాయం.

మన దగ్గర? నిజం రాయాలి. మన నిబంధనావళి ప్రకారం గ్రామ కమిటీ ఏటా సభ్యత్వం పూర్తయ్యాక ఎన్నిక కావాలి. కొన్ని మండలాల్లో మూడేళ్లుగా అవే పేర్లు తిరిగి రాసి పంపుతున్నారు. ఒకచోట కమిటీలో ఉన్నట్టు రాసిన మనిషి ఊరు వదిలి పట్నంలో వాచ్‌మన్‌గా ఉన్నాడని తర్వాత తెలిసింది. కౌలు రైతులు మన సభ్యుల్లో ఎక్కువమందే ఉన్నారు, కమిటీల్లో తక్కువమంది ఉన్నారు. మహిళల సంగతి ఇంకా అన్యాయం. కలుపు తీసేది, పాలు పితికేది వాళ్లు. కమిటీలో చాలాచోట్ల ఒక పేరు, అది కూడా అధ్యక్షుడి ఇంటి నుంచి. ఏకగ్రీవం అని రాస్తాం, చెయ్యెత్తమని అడగం. పార్టీల గురించి పైన రాసిన మాటల్లో చాలావాటిని మన సంఘం మీదకు తిప్పి చదివినా అర్థం మారదు. ఇది రాయవద్దని కొందరన్నారు, బయటివాళ్లు ఎగతాళి చేస్తారని. చేయనీయండి.

రాబోయే మండల మహాసభల్లో రాష్ట్ర కార్యవర్గం రెండు తీర్మానాలను చర్చకు పెడుతోంది. మొదటిది, రాజకీయ పార్టీల అంతర్గత నిర్మాణంపై పైన చెప్పిన హద్దులతో చట్టం కోరుతూ, రెండు రాష్ట్రాల ఎంపీలకు, ఎన్నికల సంఘానికి పంపేది. రెండోది మన నిబంధనావళికి సవరణ. గ్రామ, మండల కమిటీల ఎన్నిక పేరు రాసిన చీటీలతో రహస్యంగా జరగాలి. ఒకే పదవిలో వరుసగా రెండుసార్లకు మించి ఉండకూడదు. కమిటీలో మూడోవంతు మహిళలు, మూడోవంతు కౌలు రైతులు ఉండాలి. రెండుసార్లకు మించకూడదన్న నిబంధన మీద రాష్ట్ర కార్యవర్గంలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. పనిచేసేవాళ్లు దొరకని మండలాల్లో ఏం చేయాలని కొందరు అడిగారు. అది మీరే తేల్చాలి.

మహాసభకు వచ్చేటప్పుడు గ్రామ కమిటీ మినిట్స్ పుస్తకం, సభ్యత్వ రసీదుల కౌంటర్‌ఫాయిళ్లు వెంట తీసుకురండి. పుస్తకం పోయిందంటే సిగ్గుపడి రాకుండా ఉండకండి. జిల్లా ఆఫీసులో కొత్త పుస్తకాలు సిద్ధంగా ఉంచాం, మొదటి పేజీలో ఆ రోజు తేదీ వేసి మొదలుపెడదాం.